చిన్న నెట్ ఆపరేటరుకు పెద్ద కంపెనీ చట్టమా?

ఈ-పంట నమోదుకు నెట్ కావాలి. ఈకేవైసీకి నెట్ కావాలి. పీఎం కిసాన్, అన్నదాత సుఖీభవ డబ్బులు పడ్డాయో లేదో చూసుకోవాలన్నా, అడంగల్ తీసుకోవాలన్నా, పంట నష్టం జాబితాలో పేరుందో లేదో తెలుసుకోవాలన్నా నెట్ కావాలి. ఉపాధి హామీ పనిలో కూలీల ఫొటో తీసి యాప్‌లో ఎక్కించాలన్న నిబంధనను 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు. ఆ ఫొటో ఎక్కకపోతే ఎండలో చేసిన పనికి హాజరు పడదు. ఒకప్పుడు నెట్ లేకపోతే సినిమా చూడలేకపోయేవాళ్లం, అంతే. ఇప్పుడు నెట్ లేకపోతే ఇన్‌పుట్ సబ్సిడీ పోతుంది, కూలి పోతుంది.

ప్రభుత్వం రైతుకు చేసే ప్రతి పనినీ నెట్‌కు ముడిపెట్టింది. మరి ఆ నెట్‌ను మన ఊరి దాకా తెచ్చేది ఎవరు? చాలాచోట్ల అది పెద్ద కంపెనీ కాదు. పలాసలోనో టెక్కలిలోనో ఒక గది అద్దెకు తీసుకుని, నిచ్చెన భుజాన వేసుకుని తిరిగే కేబుల్ ఆపరేటరు. డాబా మీద చిన్న డిష్ బిగించి గాలిలో సిగ్నల్ పంపే కుర్రాడు. ఈ చిన్నవాళ్లను ఏ చట్టం కింద, ఏ కొలతతో నడిపించాలన్నది టెలికాం శాఖ సొంత వ్యవహారమని మనం ఊరుకున్నాం. ఎరువు డీలరుకు లైసెన్సు ఎలా ఇవ్వాలి, విత్తనాల కొట్టును ఎవరు తనిఖీ చేయాలి అని అడిగే రైతు సంఘం ఈ ప్రశ్న కూడా అడగాల్సిన రోజు వచ్చింది.

పట్టాల పక్కన ఫైబరు, ఊళ్లో లేని సిగ్నల్

కోటబొమ్మాళి మండలం హరిశ్చంద్రపురం స్టేషను మీదుగా హౌరా-చెన్నై రైలు మార్గం పోతుంది. రైలు పట్టాల వెంట ఫైబరు వేసి అమ్ముకోవడానికి కేంద్రం 2000లోనే రైల్‌టెల్ అనే సంస్థను పెట్టింది. 16వ నంబరు జాతీయ రహదారి కూడా కోటబొమ్మాళి, టెక్కలి, పలాసల మీదుగానే ఇచ్ఛాపురం వైపు పోతుంది. అంటే దేశాన్ని కలిపే పెద్ద దారులు మన పొలం గట్ల పక్కనుంచే వెళ్తున్నాయి. కొరత పెద్ద దారిలో లేదు. ఆ దారి నుంచి వజ్రపుకొత్తూరు, సంతబొమ్మాళి, మందస, కవిటి మండలాల్లోని ఊళ్లకు చేరే ఆఖరి అయిదు, పది కిలోమీటర్లలో ఉంది. పెద్ద కాలువలో నీళ్లుండి, పిల్ల కాలువ లేక శివారు భూములు ఎండినట్టుంది పరిస్థితి.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనలేం. అన్ని గ్రామ పంచాయతీలకూ ఫైబరు ఇస్తామని కేంద్రం 2011లో పథకం మొదలుపెట్టింది. దాన్నే తర్వాత భారత్‌నెట్ అన్నారు. 2023 ఆగస్టులో దానికి మరో 1.39 లక్షల కోట్ల రూపాయలు మంజూరు చేశారు. మన రాష్ట్రంలో ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే నెట్, టీవీ, ఫోను అన్నారు. కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగారు. అయితే ఆ తీగను ఇంటింటికీ చేర్చే పని, నెలనెలా డబ్బులు వసూలు చేసే పని, గాలివానకు తెగితే స్తంభం ఎక్కే పని ఎవరికి అప్పజెప్పారు? ఊళ్లో కేబుల్ ఆపరేటరుకే. ప్రభుత్వ పథకమైనా సరే, ఆఖరి కిలోమీటరుకు వచ్చేసరికి చిన్నవాడే దిక్కు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. కరెంటు స్తంభాలు కూలాయి, ఫోన్లు మూగబోయాయి. చెట్ల లెక్క రాయించుకోవాల్సిన రోజుల్లోనే మాట్లాడే దారి లేకుండా పోయింది. ఇలాంటి తీరంలో ఒకే కంపెనీ టవరు మీద ఆధారపడటం ఒకే పంట మీద ఆధారపడటం లాంటిదే. ఊరి దగ్గర ఉండి, మనిషి తెలిసి, తెల్లారితే నిచ్చెనతో రాగలిగినవాడు ఒకడు ఉండటం మనకు అవసరం.

రూలు ఎవరి కొలతకు రాశారు?

ప్రైవేటువాళ్లు నెట్ అమ్ముకోవడానికి 1998లో అనుమతించారు. తర్వాత వచ్చిన యూనిఫైడ్ లైసెన్సు పద్ధతిలో నెట్ ఇచ్చేవాళ్లను మూడు రకాలుగా విడగొట్టారు. దేశమంతా ఇవ్వాలంటే ఏ కేటగిరీ, టెలికాం సర్కిల్ మొత్తానికి బీ కేటగిరీ, సుమారు ఒక జిల్లా అంత ప్రాంతానికి సీ కేటగిరీ. ప్రవేశ రుసుము ఏ కేటగిరీకి 30 లక్షలు, బీకి 2 లక్షలు, సీకి 20 వేలు.

ఇరవై వేలే కదా, చిన్నవాడి మీద ఏం భారం అనిపిస్తుంది. అసలు భారం రుసుములో లేదు, కాగితాల్లో ఉంది. బ్యాంకు గ్యారంటీ పెట్టాలి. ఆదాయంలో 8 శాతం లైసెన్సు ఫీజు కింద కట్టాలి. మూడు నెలలకోసారి లెక్కలు పంపాలి, ఏడాదికోసారి ఆడిటరు సంతకం పెట్టించాలి. ఎవరు ఎప్పుడు ఏ చిరునామా నుంచి నెట్ వాడారో ఆ రికార్డులు రెండేళ్లు దాచాలి. పోలీసులు అడిగితే చూపించే ఏర్పాటు ఉండాలి. కోట్ల మంది ఖాతాదారులున్న కంపెనీకి ఇవన్నీ ఒక ఆఫీసు గదిలో జరిగిపోయే పనులు. నాలుగు వందల కనెక్షన్లున్నవాడికి ఇది రెండో ఉద్యోగం. ఆ ఉద్యోగానికి మనిషిని పెట్టుకుంటే అతనికి మిగిలేదేమీ ఉండదు.

1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం స్థానంలో పార్లమెంటు 2023 డిసెంబరులో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం చేసింది. లైసెన్సు అనే మాట పోయి అనుమతి అనే మాట వచ్చింది. ఈ అనుమతుల ముసాయిదా నియమాలను కేంద్రం 2025 సెప్టెంబరులో ప్రకటించింది. చట్టంలోని 42వ సెక్షన్ చూడండి. అనుమతి లేకుండా టెలికాం సేవ ఇచ్చినా, నెట్‌వర్కు పెట్టినా మూడేళ్ల వరకు జైలు, లేదా 2 కోట్ల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. దేశభద్రతకు ముప్పు తెచ్చే దొంగ ఎక్స్ఛేంజీ నడిపేవాడికి ఇంత శిక్ష ఉండొచ్చు. తన కనెక్షన్ నుంచి పక్క వీధికి వైర్‌లెస్ లింకు ఇచ్చిన ఊరి కుర్రాడు కూడా అదే వాక్యం కిందికి వస్తాడు. పరిమాణాన్ని బట్టి తేడా చూపే మాట ఆ వాక్యంలో లేదు. అంతా అధికారి దయ.

నీడలోకి నెడితే నష్టం మనకే

చిన్నవాడు ఈ బరువు మోయలేక ఏం చేస్తాడు? మానేయడు, ఎందుకంటే గిరాకీ ఉంది. ఎక్కడో నగరంలో లైసెన్సున్న కంపెనీకి ఫ్రాంచైజీగా చేరతాడు. బోర్డు అతనిది, లైసెన్సు వాళ్లది. తీగ, రేడియో, అప్పు అతనివి. అతనికి చట్టంలో పేరు లేదు, హక్కు లేదు. పై కంపెనీ వాటా పెంచినా, లైను కోసినా అడిగే చోటు లేదు.

అక్కడితో ఆగితే అది ఒక వ్యాపారి కష్టం మాత్రమే. రైతుకు సంబంధించింది ఆ తర్వాతి మెట్టు. లైను వారం రోజులు రాకపోతే మనం ఎవరిని అడగాలి? ఊళ్లో ఆపరేటరు, పైనుంచే రావడం లేదు అంటాడు. పై కంపెనీకి ఫోను చేస్తే, మీ లోకల్ వాళ్లను అడగండి అంటారు. రసీదు ఉండదు, ఎంత వేగం ఇస్తామన్నారో రాతలో ఉండదు, ఏడాది అడ్వాన్సు కట్టినవాడికి తిరిగి వచ్చే దారి ఉండదు. నియమాలు మరీ బరువైతే చిన్నవాడు నియమాల లోపలికి రాడు. చాటున ఉండిపోతాడు. చాటున ఉన్నవాడి మీద ఫిర్యాదు చేసే హక్కు వినియోగదారుడికి ఉండదు. పేరు లేని కౌలు రైతుకు బ్యాంకు రుణం రాదని, బీమా అందదని మనకు తెలుసు. చట్టంలో పేరు లేని ఆపరేటరు దగ్గర కనెక్షన్ తీసుకున్న రైతుకూ అదే గతి.

పెద్ద కంపెనీల విషయంలోనూ నియమం మన ఊరి కొలతకు సరిపోదు. సేవల నాణ్యత మీద టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024లో కొత్త నిబంధనలు తెచ్చింది. సెల్ నెట్‌వర్కు 24 గంటలకు మించి ఆగిపోతే వినియోగదారుడికి అద్దెలో తగ్గింపో, గడువు పొడిగింపో ఇవ్వాలంది. మంచిదే. కానీ కొలమానం జిల్లా. శ్రీకాకుళంలో నడుస్తూ వజ్రపుకొత్తూరు తీరంలో నాలుగు ఊళ్లు చీకట్లో ఉంటే ఆ లెక్క ఎవరు చూస్తారు?

గాలిలో దారి ఎవరిది?

వైర్‌లెస్ నెట్‌కు తీగ అక్కర్లేదు, గాలిలో తరంగాలు కావాలి. అవి ప్రజల ఆస్తి అని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయినా సెల్ కంపెనీలకు వాటిని సర్కిల్ లెక్కన వేలం వేస్తారు. మన సర్కిల్ అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపి. ఇచ్ఛాపురం నుంచి ఆదిలాబాద్ దాకా ఒకటే ముక్క. ఆ వేలంలో మండల స్థాయి ఆపరేటరు గానీ, రైతు సహకార సంఘం గానీ పాట పాడే ప్రశ్నే లేదు. అమెరికాలో 2020లో ఒక బ్యాండును కౌంటీ లెక్కన, అంటే చిన్న ముక్కలుగా వేలం వేశారు. ఎక్కువ భాగాన్ని వేలం లేకుండా అందరి వాడకానికీ వదిలారు. అక్కడి పల్లెల్లో చిన్న వైర్‌లెస్ ఆపరేటర్లకు అది ఊపిరి పోసింది. కొలత మార్చడం సాధ్యమేనని అది చెబుతోంది.

మన దేశంలో చిన్నవాడికి మిగిలింది లైసెన్సు అక్కర్లేని బ్యాండ్లు. 2005లో 2.4 గిగాహెర్ట్జ్‌ను, 2018 అక్టోబరులో 5 గిగాహెర్ట్జ్‌లో పెద్ద భాగాన్ని అలా విడిచిపెట్టారు. 2005 నిబంధనలో ఒక షరతు ఉంది. యాంటెన్నా ఇంటి పైకప్పు మీద 5 మీటర్లకు మించి ఎత్తు ఉండకూడదు. ఉద్దానం తెలిసినవాళ్లకు ఇందులో ఇబ్బంది వెంటనే తెలుస్తుంది. ఈ తరంగాలకు ఎదురుగా అడ్డు ఉండకూడదు, పచ్చని ఆకులు వాటిని మింగేస్తాయి. ఎదిగిన కొబ్బరి చెట్టు డాబా మీద అయిదు మీటర్ల గొట్టాన్ని దాటి ఎక్కడో ఉంటుంది. ఢిల్లీలో కూర్చుని ఆ గీత గీసినవాళ్లకు కొబ్బరి తోట గుర్తొచ్చి ఉండదు.

ఈ పని తెలుగు నేలకు కొత్త కూడా కాదు. ఇరవై ఏళ్ల కిందట పశ్చిమ గోదావరిలో భీమవరం చుట్టుపక్కల పల్లెలను బైర్రాజు ఫౌండేషన్ అశ్విని అనే పథకం కింద దూరపు వైఫై లింకులతో కలిపింది. ఐఐటీ కాన్పూరులో రూపుదిద్దుకున్న పరిజ్ఞానం వాడి టెలిమెడిసిన్, ఇంగ్లీషు పాఠాలు, సేద్యం సలహాలు ఊళ్లకు పంపారు. నేపాల్‌లో మహాబీర్ పున్ అనే ఉపాధ్యాయుడు కొండ ఊళ్లను ఇలాగే వైర్‌లెస్‌తో కలిపి 2007లో మెగసెసే పురస్కారం అందుకున్నాడు. ఆయన మొదలుపెట్టినప్పుడు ఆ పరికరాలకు అక్కడ అనుమతే లేదు. పని జరిగింది కాబట్టి తర్వాత నియమం సడలింది.

ఇప్పుడు ఈ ఉచిత బ్యాండు మీద కూడా పెద్దల కన్ను పడింది. జియో తన ఎయిర్‌ఫైబర్ కనెక్షన్లలో కొన్నింటిని లైసెన్సు అక్కర్లేని ఈ బ్యాండు మీదే ఇస్తోంది. ట్రాయ్ 2025 నుంచి వాటిని విడిగా లెక్క చూపిస్తోంది. వేలంలో కొన్న తరంగాలున్న కంపెనీ, ఏమీ లేనివాడికి మిగిలిన ఉమ్మడి బీడులోకి కూడా మందను తోలితే చిన్నవాడి మేకకు గడ్డి మిగలదు. 1940లో మందస జమీందారీలో వీరగున్నమ్మ, తోటి రైతులు ప్రాణాలు ఇచ్చింది అడవి కలప మీద హక్కు కోసమే. ఉమ్మడి ఆస్తి ఎవరి చేతిలో ఉండాలన్నది ఈ నేలకు పాత ప్రశ్న.

బాకీల్లో రెండు న్యాయాలు

వొడాఫోన్ ఐడియా ప్రభుత్వానికి కట్టాల్సిన బాకీలో 2023లో 16 వేల కోట్లకు పైగా, 2025లో మరో 36,950 కోట్లు వాటాలుగా మార్చుకున్నారు. ఇప్పుడు ఆ కంపెనీలో దాదాపు 49 శాతం వాటా ప్రభుత్వానిదే. ఉద్యోగులు రోడ్డున పడకూడదు, పోటీ చావకూడదు అన్నారు. ఆ వాదనలో న్యాయం లేదని మనం అనం. కానీ అదే వాదన పలాస, సోంపేటల్లోని చిన్న ఆపరేటరుకు ఎందుకు వర్తించదు? కార్పొరేట్ బాకీకి వాటా, రైతు బాకీకి వేలం నోటీసు. ఈ రెండు న్యాయాల పద్ధతి బ్యాంకుల్లో చూశాం, టెలికాంలోనూ చూస్తున్నాం.

అలాగని నియంత్రణ వద్దా?

వద్దనడం తప్పు. అదుపు లేని వైఫై మాటున మోసాలు జరుగుతాయి. ఓటీపీ అడిగి రైతుల ఖాతాలు ఖాళీ చేసేవాళ్లు ఎక్కడి నుంచి నెట్ వాడారో తెలియాలి. అడ్వాన్సు తీసుకుని కనిపించకుండా పోయే ఆపరేటర్లూ ఉంటారు. కాబట్టి నమోదు ఉండాలి, వినియోగదారుడి గుర్తింపు ఉండాలి. అయితే రికార్డుల భారం మోయాల్సింది మోయగలిగినవాడు.

ఇది సాధ్యమేనని కేంద్రమే చూపించింది. 2020 డిసెంబరు 9న మంత్రివర్గం ఆమోదించిన పీఎం-వాణి పథకంలో కిరాణా కొట్టువాడు, టీ దుకాణంవాడు కూడా లైసెన్సు లేకుండా, రుసుము కట్టకుండా, రిజిస్ట్రేషన్ కూడా లేకుండా వైఫై అమ్మవచ్చు. గుర్తింపు, రికార్డులు చూసుకునే పని పైనున్న అగ్రిగేటర్‌ది. ఆ అగ్రిగేటర్ టెలికాం శాఖ దగ్గర నమోదు కావాలి. దుకాణాలకు కంపెనీలు ఎడాపెడా రేట్లు వేయకుండా 2025 జూన్‌లో ట్రాయ్ హద్దు పెట్టింది. 200 ఎంబీపీఎస్ వరకు కనెక్షనుకు, ఇళ్లకు వేసే ధర కంటే రెట్టింపు మించకూడదంది. బాధ్యతను పరిమాణాన్ని బట్టి పంచడం అంటే ఇదే. దుకాణం చుట్టూ యాభై గజాలకు పనికొచ్చిన ఈ సూత్రం రెండు ఊళ్ల మధ్య లింకుకు ఎందుకు పనికిరాదు?

మనం అడగాల్సినవి

మొదటిది, కొత్త అనుమతి నియమాల్లో గ్రామ స్థాయి ఆపరేటరుకు ప్రత్యేక తరగతి పెట్టాలి. వెయ్యి కనెక్షన్ల లోపు ఉన్నవాడికి ఆన్‌లైన్ నమోదు చాలు. బ్యాంకు గ్యారంటీ, లైసెన్సు ఫీజు వద్దు. ఏడాదికి ఒక్క లెక్క చాలు. 42వ సెక్షన్ శిక్షలకు ముందు నోటీసు, సరిదిద్దుకునే గడువు తప్పనిసరి చేయాలి.

రెండోది, పంచాయతీ దాకా వచ్చిన భారత్‌నెట్, ఏపీ ఫైబర్‌నెట్ తీగలో ఖాళీగా ఉన్న సామర్థ్యాన్ని బహిరంగంగా ప్రకటించిన ధరకు చిన్న ఆపరేటర్లకూ, ప్రాథమిక సహకార సంఘాలకూ, రైతు ఉత్పత్తిదారుల సంఘాలకూ ఇవ్వాలి. 2023లో జరిగిన ఒప్పందంతో సహకార సంఘాలు కామన్ సర్వీస్ సెంటర్ల పనులు చేయవచ్చు. నెట్ కూడా అక్కడినుంచే ఊరికి పంచితే తప్పేముంది? జీడిపిక్కల బస్తాకు, అంటే 80 కిలోలకు, 16 వేలు ఇవ్వాలని మనం పోరాడుతున్నాం. వ్యాపారికి విదేశీ పిక్కల ధర ఫోనులో గంటగంటకూ తెలుస్తుంది. తోటలో ఉన్న రైతుకూ తెలియాలి.

మూడోది, కరెంటు స్తంభం వాడుకోవడానికి పెద్దా చిన్నా అందరికీ ఒకటే రేటు, ఒకటే దరఖాస్తు ఉండాలి. కొబ్బరి తోటల ప్రాంతాల్లో యాంటెన్నా ఎత్తు షరతు సడలించాలి. ఉచిత బ్యాండులో పల్లెల లింకులకు రక్షణ ఉండాలి.

నాలుగోది ఆపరేటర్లకు. ప్రతి కనెక్షనుకూ రసీదు, దాని మీద లైసెన్సు ఎవరి పేరున ఉందో, ఎంత వేగం ఇస్తారో తెలుగులో రాసి ఇవ్వాలి. లైను రాని రోజులకు డబ్బు తగ్గించాలి. తుపాను హెచ్చరిక వచ్చిన రోజు బ్యాటరీలు నింపి ఉంచాలి. చిన్నవాడి పక్షాన మాట్లాడతాం గానీ చిన్నవాడు చేసే మోసం పక్షాన మాట్లాడం.

అయిదోది అన్నిటికంటే ముఖ్యం. నెట్ రాలేదన్న కారణంతో ఏ రైతుకూ పంట నమోదు, పరిహారం, ఏ కూలీకీ హాజరు పోకూడదు. సిగ్నల్ లేని చోట కాగితం మీద రాసిన నమోదు చెల్లాలి. నెట్ ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత, తెచ్చుకోవడం రైతు బాధ్యత కాదు.

కేంద్రంలో కమ్యూనికేషన్ల సహాయ మంత్రి పెమ్మసాని చంద్రశేఖర్ మన రాష్ట్రం మనిషి. గ్రామీణాభివృద్ధి కూడా ఆయన చేతిలోనే ఉంది. మన ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు కేంద్ర మంత్రివర్గంలో ఉన్నారు. రాష్ట్ర వ్యవసాయ మంత్రి అచ్చెన్నాయుడు టెక్కలి ఎమ్మెల్యే. వినేవాళ్లు దూరంలో లేరు. ఈ నెల గ్రామ కమిటీ సమావేశాల్లో రెండు వివరాలు సేకరించండి. మీ ఊళ్లో ఏ చోట సిగ్నల్ రాదో, దానివల్ల ఈ సీజనులో ఎవరి నమోదు ఆగిందో తేదీతో సహా రాయండి. మీ ఊరి ఆపరేటరు ఎవరి లైసెన్సు కింద నడుపుతున్నాడో అడగండి, అతన్నీ సమావేశానికి పిలవండి. మండలాలవారీగా ఆ లెక్క చేతిలో ఉంటే వినతిపత్రం బరువు వేరుగా ఉంటుంది.